ఫోటోలో మీ పాప ఎక్కడుంది?



ఒక్కసారి మీ ఫోన్‌లో గ్యాలరీ తెరిచి, పోయిన సెలవుల్లో తీసిన ఫోటోలు చూడండి. హిమాయత్ సాగర్ దగ్గర తీసిన ఫోటో ఒకటి ఉందనుకుందాం. అందులో నీళ్లున్నాయి, ఆకాశం ఉంది, ఎవరిదో కారు ఉంది, మొక్కజొన్న కంకుల బండి ఉంది. వీటన్నిటి మధ్య వేలెడంత మీ పాప. అక్కడ నిలబడి చూసినప్పుడు మాత్రం మీకు పాప నవ్వు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మరి ఫోటోలో ఆ నవ్వు ఏమైపోయింది?

మన కన్ను తనకు కావలసినదాన్నే ఏరుకుని చూస్తుంది. కెమెరాకు ఆ తేడా తెలియదు. ఎదురుగా ఉన్నదంతా దానికి సమానమే. పైగా ఫోన్‌లోని మామూలు లెన్సు ఎక్కువ వెడల్పును పట్టే రకం కాబట్టి, దూరంగా ఉన్నవి మరీ చిన్నవిగా పడతాయి. అందుకే ఏది ముఖ్యమో మనమే నిర్ణయించాలి. ఫోటో చూసేవారి చూపు ముందుగా వెళ్లి ఆగే చోటునే ఫోకల్ పాయింట్ అంటారు. మంచి ఫోటోకు ఖరీదైన ఫోన్ కన్నా ఇదే ముఖ్యం.

క్లిక్ చేసే ముందు ఒక ప్రశ్న

"ఈ ఫోటో దేని గురించి?" అని మిమ్మల్ని మీరు అడగండి. "పాప నవ్వు", "తాత చేయి పట్టుకున్న బాబు", "గాలిపటం" అన్నట్టు జవాబు చిన్నగా రావాలి. "అన్నీ రావాలి" అనుకుంటే ఏదీ సరిగా రాదు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజు పలకల మీద ఫోటోలు తీశారు. పలక బరువు, ఖర్చు ఎక్కువ. మనలా ఒకే చోట ముప్పై ఫోటోలు తీసి, ఇంటికెళ్లాక ఏరుకునే వీలు లేదు. ఎక్కడ నిలబడాలి, ఎవరిని ఎక్కడ ఉంచాలి అన్నది పలక పెట్టే ముందే తేల్చుకోవాలి. మన ఫోన్ మనకు ఆ ఖర్చు తప్పించింది. దాంతోపాటు ఆ ఆలోచన కూడా తప్పిపోకూడదు.

గోపురం, పాప రెండూ కావాలంటే

శంషాబాద్ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయానికి వెళ్లారనుకోండి. సాధారణంగా మనం పాపను గోపురం మొదట్లో నిలబెడతాం. గోపురమంతా రావాలని వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తాం. పాప చుక్కంత అయిపోతుంది.

ఈసారి ఇలా చేయండి. గోపురం మొత్తం ఫ్రేములో పట్టేదాకా మీరే వెనక్కి రండి. తర్వాత పాపను మీకు ఐదారు అడుగుల దగ్గరికి పిలవండి. నడుము పైభాగం పడితే చాలు. ముఖం స్పష్టంగా ఉంటుంది, వెనక గోపురమూ నిండుగా ఉంటుంది.

కోనేరు దగ్గర మెట్ల వరుసలను గమనించండి. మెట్లు, ప్రహరీ గోడ, కాలిబాట లాంటి గీతల వెంట మన చూపు తనంతట తానే నడుస్తుంది. ఆ గీతలు వెళ్లే వైపు పాపను కూర్చోబెడితే చూసేవారి కన్ను నేరుగా అక్కడికే చేరుతుంది.

మూడు భాగాల లెక్క

ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో 'గ్రిడ్' ఆన్ చేస్తే స్క్రీన్ మీద రెండు నిలువు, రెండు అడ్డగీతలు వస్తాయి. ఈ మూడు భాగాల సూత్రానికి ఆ పేరు పెట్టి 1797లోనే రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు.

ముఖ్యమైనదాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా, గీతలు కలిసే చోట ఉంచి చూడండి. పాప కుడివైపు చూస్తుంటే ఎడమ గీత మీద ఉంచండి. ఆ చూపుకు ముందు కాస్త ఖాళీ ఉండాలి. 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ లాంటి పెద్ద జలాశయం దగ్గర నీళ్లు, ఆకాశం కలిసే గీత వంకరగా పడకుండా చూసుకోండి. మబ్బులు అందంగా ఉంటే ఆ గీతను కిందికి, ఆకాశం ఖాళీగా ఉంటే పైకి జరపండి. ఇది నియమం కాదు, అలవాటు కోసమే. ఎదురుగా నిలబడి తీసే గుడి ద్వారానికి మధ్యస్థానమే బాగుంటుంది.

వెనక ఏముంది? వెలుగు ఎటుంది?

పాప తల మీంచి కరెంటు స్తంభం మొలిచినట్టు ఉంటే మీరు రెండడుగులు పక్కకు జరగండి. చాలాసార్లు అంతే సరిపోతుంది. మధ్యాహ్నం ఎండలో కళ్ల కింద నీడలు పడతాయి. చెట్టు నీడలోకి వెళ్లండి, లేదా సాయంత్రం వరకు ఆగండి. వెనక సూర్యుడుంటే ముఖం నల్లబడుతుంది. అప్పుడు స్క్రీన్ మీద ముఖాన్ని తాకండి, ఫోకస్‌తో పాటు వెలుగూ సర్దుకుంటుంది. పిల్లలను తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకోండి.

ఒక్క మాట. బుద్వేల్‌లోనైనా ఇంకెక్కడైనా రైలు పట్టాల మీద ఫోటోలు వద్దు, అది చట్టరీత్యా నేరం కూడా. నీటి అంచున పిల్లలను వెనక్కి జరగమని ఎప్పుడూ చెప్పకండి.

ఇప్పుడు ఫోన్ పాపకివ్వండి

వచ్చే ఆదివారం ఫోన్ మీ పిల్లల చేతికిచ్చి, "ఐదే ఫోటోలు తీయాలి" అని చెప్పండి. ఇంటికొచ్చాక బాగుందో లేదో తేల్చకండి. "ఇందులో నువ్వేం చూపించాలనుకున్నావు?" అని అడగండి. ఏది ముఖ్యమో ఎంచుకోవడం, ఎందుకో చెప్పగలగడం పిల్లలకు వ్యాసం రాసేటప్పుడు కూడా పనికొస్తుంది.

ఇంకో లాభమూ ఉంది. చాలా ఇళ్లలో ఎప్పుడూ ఫోటో తీసే అమ్మో, నాన్నో ఏ ఫోటోలోనూ ఉండరు. పాప తీసే ఆ ఐదింటిలో ఒకటి మీదే కావచ్చు. కాస్త వంకరగా వచ్చినా సరే, దాన్ని ప్రింట్ వేయించి గోడకు పెట్టండి.