పండ్లు పట్టి చూడవలసిన బండి

ఎద్దును కొనబోవు రైతు దాని మైచాయ చూచి మోసపోడు. పండ్లు పట్టి వయస్సు తెలిసికొనును. వాడిన విద్యుత్ కారును కొనువారికిని ఈ వివేకమే కావలెను. విద్యుత్ కారునకు బ్యాటరీయే ప్రాణము. వెలలో పెద్ద పాలు దానిదే. తిరిగిన దూరమును చూపు మీటరొక్కటే దాని ఆరోగ్యమును చెప్పజాలదు.

ఇందుకు నిస్సాన్ లీఫ్ చరిత్రయే నిదర్శనము. 2010 డిసెంబరులో జపాను, అమెరికాలలో విక్రయమునకు వచ్చిన ఆ కారులో 24 కిలోవాట్-గంటల లిథియం-అయాన్ బ్యాటరీ ఉండెను. దానిని ద్రవముతో చల్లబరచు ఏర్పాటు మాత్రము లేదు. ఎడారి ఎండలు కాయు అరిజోనాలో 2012 నాటికే కొన్ని కార్ల శక్తి సన్నగిల్లినది. చల్లని సీమలలో అట్టి కార్లే మెరుగుగా నిలిచినవి. వేడి హెచ్చినకొలది లోపలి రసాయనిక చర్యలు త్వరపడి, బ్యాటరీ ధారణశక్తిని హరించును గదా!

లీఫ్ కారు ముందుపలకపై ఈ శక్తిని తెలుపు గీతలు 12 కలవు. మొదటి గీత మాయమైనదన్న సుమారు 15 శాతము సామర్థ్యము పోయినట్లే. ఆ గీతలను లెక్కించుటయే పండ్లు పట్టి చూచుట.

రెంటచింతల, రామగుండము ఎండలెరిగిన మనకు ఈ పాఠము పరాయిది కాదు. 2020లో మన దేశమున వెలువడిన టాటా నెక్సాన్ విద్యుత్ కారులో ద్రవముతో చల్లబరచు ఏర్పాటు కలదు. బ్యాటరీకి 8 సంవత్సరములు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు హామీ కలదు. అందు మిగిలినదెంత? క్రొత్త యజమానికి అది సంక్రమించునా? బండి ఏ ఊరి వేసవులను చూచినది? ఈ ప్రశ్నలడిగి, బ్యాటరీ పరీక్షాపత్రము చేతబట్టి, నిండు ఛార్జితో నడిపి చూచిన పిమ్మటనే బేరమాడవలెను.

పైమెరుగునకు మురిసి ఏండ్ల పొదుపును ధారపోయుటకన్న, పరీక్షకు ఒక పూట వెచ్చించుట మేలు.