సగం మాత్ర మాత్ర కాదా?

మా జేజిది జమ్మలమడుగు దగ్గర పల్లె. జేజినాయన పోయినప్పటి నుంచి ఆమెకు సరిగా నిద్ర పట్టదు. రాత్రికొకటి చొప్పున అల్ప్రాజోలం 0.5 మి.గ్రా. మాత్ర రాశారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో తెల్లారుజామున లేచి, తూలి పడింది. కడపకు తీసుకుపోయాం.

"నిద్రమాత్రలు ఎన్ని ఏసుకుంటాండావవ్వా?" అన్నాడు డాక్టరు.

"ఒగటే నాయనా."

నాకు డౌటొచ్చి ఇంటికొచ్చాక లెక్కబెట్టాను. 18 రోజుల కింద కొన్నవి 30. రోజుకొకటైతే 12 మిగలాలి. ఉన్నవి మూడే!

అడిగితే జేజికి కోపమొచ్చింది. "నేనెందుకు అబద్ధం చెప్తారా? ఏసుకునేది ఒగటే. నడిజామున మెలకువొస్తే సగం తుంచుకుంటా. సగం కూడా మాత్రేనా? పక్కింటామెకు నాలుగిచ్చినా."

మిత్రులారా, ఇక్కడ రెండు కొలతలూ తప్పే. జేజి మాటలో పది సగాలు రాలేదు. నా లెక్కలో పక్కింటికి పోయిన నాలుగూ జేజి మింగినట్టే పడ్డాయి.

మన భాషలో చెప్పాలంటే, యాదృచ్ఛిక దోషమైతే సగటు తీస్తే కొంత సర్దుకుంటుంది. ఒకే వైపు లాగే దోషం ఎన్నిసార్లు అడిగినా పోదు. అలవాటు పడ్డారంటారేమోనని కొందరు తగ్గించి చెబుతారు. ఇంకొందరు భయపడి మానేసి, డాక్టరు తిడతాడని వేసుకున్నామంటారు. పైగా ఈ జాతి మందులు జ్ఞాపకాన్నే మందగింపజేస్తాయి. అంటే లెక్క చెప్పాల్సిన సెన్సారునే మందు పాడుచేస్తుంది.

పోనీ వేరే సాక్ష్యం? 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం అల్ప్రాజోలం, డయాజిపాం లాంటివి అమ్మితే మెడికల్ షాపులో డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి. కానీ అది కొన్న లెక్క, మింగిన లెక్క కాదు. చిప్ ఉన్న డబ్బీలు మూత తీసిన టైమే చెబుతాయి. మూత్ర పరీక్షలో డయాజిపాం వాడకం ఆపిన చాలా రోజులకూ కనబడొచ్చు, క్లోనజిపాం మామూలు పరీక్షకు దొరక్కపోనూవచ్చు. ఎన్ని వేసుకున్నారో మాత్రం ఏదీ చెప్పదు.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యం? "ఒకటి చాలట్లేదు" అనుకుని డోసు పెంచితే మళ్లీ పడొచ్చు. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. ఎంత తగ్గించాలో తెలియాలంటే ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నామో తెలియాలి కదా.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లను "ఎన్ని?" అని అడగొద్దు. "నిన్న రాత్రి ఏమేమి వేసుకున్నావు? మధ్యలో మెలకువొస్తే ఏం చేస్తావు? ఎవరికైనా ఇచ్చావా?" అని కోప్పడకుండా అడగండి. ఆ జవాబూ, మిగిలిన షీటూ రెండూ డాక్టరు ముందు పెట్టండి.

మేమదే చేశాం. ఇప్పుడు ఆయన చెప్పినట్టు డోసు మెల్లమెల్లగా తగ్గిస్తున్నాం. క్యాలెండర్లో జేజే గీతలు పెడుతోంది: ఒకటికి నిలువు గీత, సగానికి చుక్క.