పాలు మాన్పించే ముందు మేకపిల్లకు మేత నేర్పండి

మూడు నెలలు దాటగానే పిల్లను తల్లి నుంచి వేరుచేసి మందలో తోలేస్తాం. వారం తిరక్కుండా పిల్ల పారుకుంటుంది, డొక్కలు పోతాయి, ఒకటో రెండో చచ్చిపోతాయి. దిష్టి తగిలిందనుకుంటాం. మేత తినడం నేర్పకుండా పాలు మాన్పించడమే చాలాసార్లు అసలు తప్పు.

పుట్టిన పిల్లకు పెద్ద పొట్ట పనిచేయదు. తాగిన పాలు నేరుగా నాలుగో పొట్టకు చేరతాయి. ఆకు, దాణా కొరుకుతూ ఉంటేనే పెద్ద పొట్ట పెరిగి నెమరు మొదలవుతుంది. దీనికి వారాలు పడుతుంది.

పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు తాగించండి. రెండో వారం నుంచే లేత అవిసె, సుబాబుల్ రెమ్మలు మూతికి అందేటట్టు వేలాడదీయండి. కొట్టంలో ఓ మూల పిల్లలు మాత్రమే దూరేటట్టు తడిక కట్టి దాణా పెట్టండి. 100 కిలోల దాణాకు మొక్కజొన్న రవ్వ 50, వేరుశనగ చెక్క 30, తవుడు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో కలపాలి. మొదట పిల్లకు చిన్న గుప్పెడు చాలు. మెల్లగా పెంచి మూడో నెలకు 100 గ్రాములు చేయండి. ఒకేసారి ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుంది, చిటుక రోగం రావచ్చు. బూజు పట్టిన చెక్క వాడొద్దు. మిగిలిన దాణా రోజూ తీసేయండి. మంచినీళ్లు ఎప్పుడూ ఉంచండి.

మూడో నెల చివర పది రోజులు పగలు వేరుగా ఉంచి, రాత్రి తల్లి దగ్గర వదలండి. ఆ తర్వాతే పూర్తిగా మాన్పించండి. నట్టల మందు, చిటుక రోగం టీకా ఎప్పుడు వేయించాలో పశువైద్యుణ్ని ముందే అడగండి. మేక ఎన్ని ఈనినా, నిలిచిన పిల్లే మనకు లెక్క.