పెళ్లి ఆల్బమ్‌కి ఒక తెర, ఆటకి మరో తెర

మా స్టూడియో దామరచర్లలో, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పక్కన. మండలంలో లంబాడీ తండాలు ఎక్కువ కాబట్టి మా కంప్యూటర్ మీద ఏడాది పొడుగునా కనబడే రంగు ఎరుపు. అద్దాలు, గవ్వలు కుట్టిన ఫేటియా (లంగా), కాంచళి (రవిక) వేసుకున్న నాయనమ్మ పక్కన పట్టుచీర కట్టిన పెళ్లికూతురు నిలబడితే, ఆ రెండు ఎరుపులూ ఒకటి కావు. ఆల్బమ్‌లో అవి ఒకటైపోతే ఇంటివాళ్లు ఇట్టే పట్టేస్తారు. "అన్నా, మా అవ్వ బట్టల రంగు గిది కాదు" అంటారు. వాళ్ల మాటే నిజం. అందుకే మానిటర్ కొనాల్సి వస్తే నేను ముందు చూసేది ఎరుపు.

మా తమ్ముడి కొడుక్కి ఎరుపుతో పనిలేదు. మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాడు, సెలవు దొరికితే వాలరెంట్ అనే కాల్పుల ఆట ఆడతాడు. "పెదనాన్నా, నీ మానిటర్ 60 హెర్ట్జ్. ఎదుటోడు కనబడేలోపే నన్ను కాల్చేస్తున్నడు" అని గొడవ. వాడి మాటా నిజమే. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్‌లో అది 6.9కి, 240లో 4.2కి తగ్గుతుంది. గోడ మూల నుంచి దూకే శత్రువు అంత ముందుగా కంటపడతాడు. ఆల్బమ్ షీటు తెర మీద కదలకుండా అరగంట ఉంటుంది. ఆ వేగం నాకెందుకు?

ముందు చూడాల్సింది ప్యానెల్. చాలా మానిటర్ కంపెనీలు ప్యానెల్ సొంతంగా చేయవు, ఎల్‌జీ డిస్‌ప్లే, బీఓఈ, ఏయూ ఆప్ట్రానిక్స్ లాంటివాళ్ల దగ్గర కొని బిగిస్తాయి. కాబట్టి బ్రాండ్ పేరు కన్నా ప్యానెల్ రకం అడగడం మేలు. టీఎన్ రకం చవక, వేగం కూడా ఉంటుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగు మారిపోతుంది. మా దగ్గర ఫొటోలు ఎంచుకోవడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. కుర్చీలో కూర్చున్న నాకు ఒక రంగు, పక్క స్టూలు మీదున్న మేనమామకు ఇంకో రంగు కనబడితే మాట కుదరదు. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమాలకు బాగుంటుంది. కానీ చాలా వీఏ తెరల్లో చీకటి రంగులు మారడం ఆలస్యమై, రాత్రి సీన్లున్న ఆటల్లో కదిలే మనిషి వెనక మసి పూసినట్టు కనబడుతుంది. ఏ పక్కనుంచి చూసినా రంగు నిలిచేది ఐపీఎస్. స్టూడియోకి ఇదే తీసుకోండి.

రంగుల దగ్గర అమ్మేవాళ్ల మాటలకు మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన రంగుల పరిధి. మేం షీట్లు పంపే ల్యాబ్ అడిగేదీ అదే. డీసీఐ–పీ3 సినిమా ప్రొజెక్షన్ కోసం వచ్చింది, పరిధి దాదాపు పావు వంతు ఎక్కువ. ఎక్కువంటే మంచిదేగా అనిపిస్తుంది. కానీ రంగుల ప్రొఫైల్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో, పరిధి పెద్దదైన తెర మీద మామూలు ఫొటో తెరిస్తే ఎరుపు మండిపోతుంది. డిజైన్ చేసేవాడు 'రంగు ఎక్కువైంది' అని తగ్గిస్తాడు. షీటు ప్రింటై వచ్చేసరికి పట్టుచీర వెలిసిన ఇటుక రంగులో ఉంటుంది. పరిధి పెద్దదైన మానిటర్ కొనండి, తప్పులేదు. అందులో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉండాలి, ఆ మోడ్‌లోనూ వెలుతురు పెంచి తగ్గించే వీలుండాలి. కొన్నిట్లో ఆ మోడ్ పెట్టగానే వెలుతురు మీట బిగుసుకుపోతుంది. డెల్టా ఈ 2 లోపు అని ఫ్యాక్టరీ రిపోర్టు పెట్టెలో వస్తే ఇంకా మంచిది. ఆ అంకె ఎంత తగ్గితే రంగు అసలుకు అంత దగ్గర.

"ప్రింట్ నల్లగా వచ్చింది" అని తోటి స్టూడియోవాళ్లు ల్యాబ్‌ను తిట్టడం తరచూ వింటాను. చాలాసార్లు కారణం వాళ్ల తెరే. కొత్త మానిటర్ వెలుతురు 250, 300 నిట్స్ దాకా పెట్టి ఉంటుంది. ప్రింటుతో సరిపోల్చే పనికి 80 నుంచి 120 చాలు. తెర అంతలా వెలుగుతుంటే ముఖం తెల్లగానే ఉందనుకుని ఫొటో అలాగే వదిలేస్తాం. కాగితానికి సొంత వెలుతురు లేదు కదా. వెలుతురు తగ్గించాక మొదట్లో తెర డల్‌గా అనిపిస్తుంది, కళ్లు త్వరలోనే అలవాటు పడతాయి. షటర్‌కు ఎదురుగా మానిటర్ పెట్టకండి, రోడ్డు మీది ఎండ నేరుగా తెర మీద పడుతుంది. వెనక గోడకు ముదురు ఆకుపచ్చ, గులాబీ రంగులు వద్దు. రంగు కొలిచే పరికరాన్ని నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. తెరల రంగు కాలంతో పాటు మారుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కొలవాల్సిందే.

సైజు సంగతి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10,800 × 3,600 పిక్సెళ్లు, అంటే 3.9 కోట్ల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ తెర చూపేది 21 లక్షల లోపు. 4కే తెరైతే 83 లక్షల దాకా చూపిస్తుంది, కాటుక చెదిరిందా లేదా అని మాటిమాటికీ జూమ్ చేయక్కర్లేదు. ఆటకు ఇది తిరగబడుతుంది. చుక్కలు పెరిగేకొద్దీ గ్రాఫిక్స్ కార్డు మీద బరువు పెరుగుతుంది. వేగమే కావాలనుకునే ఆటగాడికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ హాయి.

కార్డు సెకనుకు 50 బొమ్మలు మాత్రమే ఇవ్వగలిగితే 240 హెర్ట్జ్ మానిటర్‌కు పెట్టిన డబ్బు దండగ. మావాడి స్నేహితుడొకడు 144 హెర్ట్జ్ కొని, దాన్ని 60లోనే వాడుకుంటూ వచ్చాడు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే మార్చాలని వాడికెవరూ చెప్పలేదు. చుక్క రంగు మారడానికి పట్టే సమయమంటూ పెట్టె మీద రాసే '1 ఎంఎస్' (మిల్లీసెకను) అన్న అంకెను కూడా పూర్తిగా నమ్మకండి. ఆ వేగం కోసం మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా పెంచితే కదిలే బొమ్మ అంచున తెల్లటి నీడ తేలుతుంది. మధ్య సెట్టింగే మంచిది.

ఇంట్లో ఒకటే కంప్యూటర్, పగలు పని, రాత్రి ఆట అంటే 27 అంగుళాల ఐపీఎస్, 2560 × 1440, 144 హెర్ట్జ్ పైన, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉన్నది చూడండి. మావాడికీ నాకూ అక్కడే రాజీ కుదిరింది.

షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీరు తీసిన ఒక ఫొటో, చేతిలో దాని ప్రింటు పట్టుకెళ్లండి. ఎర్రచీర ఫొటో అయితే మరీ మంచిది. మానిటర్‌ను ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టించి, వెలుతురు తగ్గించి, రెండూ పక్కపక్కన చూడండి. జరీ పోగులు విడివిడిగా కనబడాలి. అక్కడే తెర మొత్తాన్ని తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం చేసి చచ్చిన పిక్సెల్ ఉందేమో చూసుకుని, తర్వాత ఎక్కడైనా బయటపడితే మార్చి ఇస్తారా అని బిల్లు రాయకముందే అడగండి.