లాప్‌టాప్‌లోని నిస్తంత్రి కార్డు – మార్పిడి, మెలకువలు

వైర్‌లెస్ అను మాటకు ఉర్దూలో 'లాసిల్కీ' అనియు, తెలుగులో 'నిస్తంత్రి' అనియు పేర్లు కలవు. అరబ్బీలో 'సిల్క్' అనగా తీగ. సంస్కృతమున 'తంత్రి' అన్నను తీగయే. రెండు భాషల పండితులును ఒకే త్రోవలో ఆలోచించి, తీగ లేనిది కనుక తీగ లేనిదనియే పేరు పెట్టిరి. నిజాం కాలమున హైదరాబాదు రేడియో కేంద్రమును 'నష్ర్‌గాహె లాసిల్కీ' అని పిలిచెడివారు. 1950లో ఆ కేంద్రము ఆకాశవాణిలో కలిసిపోయినది. మాట మాత్రము పెద్దవారి నోట కొంతకాలము నిలిచినది. నేడు ఆ లాసిల్కీయే వైఫై అను పేరుతో మన విద్యార్థుల సంచులలోనికి వచ్చి చేరినది.

డిగ్రీ ప్రవేశమునకు 'దోస్త్', ఉపకారవేతనమునకు 'ఈ-పాస్', పాఠములకు వీడియోలు, ఇట్లు విద్యార్థి అవసరములు అనేకము నెట్టు మీదుగనే నడచుచున్నవి. సంచిలోని లాప్‌టాప్ చాలమందికి అన్న వాడి విడిచినదో, నగరమున సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదో అయి యుండును. దరఖాస్తు చివరి దినమున అది మొరాయించినపుడు కొందరు ప్రాసెసరును, కొందరు నెట్టు కంపెనీని నిందింతురు. ఇక కొత్తది కొనక తప్పదని ఇంటిలో పట్టుబట్టువారును కలరు. పలు సందర్భములలో దోషము వీటిలో లేదు. యంత్రము అడుగున, తపాలా బిళ్ళ పరిమాణము గల ఒక చిన్న కార్డులో ఉన్నది. దానిని మార్చుటకు అగు వ్యయము కొత్త లాప్‌టాప్ వెలలో పదవ వంతు కూడ కాదు. అయినను చూడక కొన్నవాడు ఆ కొద్దిపాటి సొమ్మును కూడ పోగొట్టుకొనును. కావున ఈ సంగతి కొంత వివరముగ వ్రాయుచున్నాను.

మన ఇబ్రహీంపట్నము పెద్ద చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలము నాటిది. 1550 నుండి 1580 వరకు ఏలిన ఆ ప్రభువునే తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిరి. చెరువు నిండుగ నున్నంత మాత్రమున పొలము తడియదు. తూము ఎంత విడుచునో అంతయే కాలువకు వచ్చును. కళాశాలకు వచ్చు నెట్టు చెరువైనచో లాప్‌టాప్‌లోని కార్డు తూము. పాత కార్డులు అనేకము 2.4 గిగాహెర్ట్జ్ అను ఒక్క బాండులో మాత్రమే పనిచేయును. ఆ బాండు మొత్తము వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అందు ఒకదానిపై ఒకటి పడకుండ నడువగల దారులు మూడే, అనగా 1, 6, 11 సంఖ్యల చానెళ్ళు. బ్లూటూత్ పరికరములును ఆ ఇరుకులోనే తిరుగును. వంటయింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.45 గిగాహెర్ట్జ్ వద్దనే పనిచేయును. ఇక 5 గిగాహెర్ట్జ్ బాండులో మన దేశమున 605 మెగాహెర్ట్జ్ వెడల్పు లభించుచున్నది. ఏడు రెట్లకు పైగా విశాలమైన దారి అన్నమాట.

ఈ విశాలత మనకు ఒక్కసారిగ లభించినది కాదు. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే నిస్తంత్రి యంత్రమును దగ్గర ఉంచుకొనుట నేరముగ నుండెను. రేడియో పెట్టెకు సైతము ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. వైఫై కొరకు 2.4 బాండును కేంద్ర ప్రభుత్వము 2005 జనవరిలో లైసెన్సు నుండి మినహాయించినది. 5 గిగాహెర్ట్జ్ బాండులో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతి 2018 అక్టోబరులో వచ్చినది. చౌక లాప్‌టాప్‌లలో చాలకాలము ఒంటి బాండు కార్డులనే అమర్చుటకు ముఖ్య హేతువు వెలను తగ్గించుటయే.

ఇచట కళాశాల కమిటీ పెద్దలు గమనింపవలసిన అంశమొకటి కలదు. వైఫై గాలిలో నడచునది. ఒక చానెల్‌లో ఒక సమయమున ఒక్క యంత్రమే మాటలాడవలెను, తక్కినవి విని ఊరకుండవలెను. చెరువు కింది పొలములకు నీరటి వంతులు పెట్టినట్లే ఇదియు వంతుల వ్యవహారము. ఒక్క ఆంటెన్నా గల పాత 'ఎన్' తరగతి కార్డు 20 మెగాహెర్ట్జ్ చానెల్‌లో మహా అయినచో సెకనుకు 72 మెగాబిట్లు మోయును. రెండు ఆంటెన్నాల 'ఏసీ' తరగతి కార్డు 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ చానెల్ దొరికినచో 867 మెగాబిట్లు మోయును. ఇవి కాగితము మీది అంకెలు. ఆచరణలో సగమునకు కొంచెము అటునిటు దక్కుట సాధారణము. అయినను నిష్పత్తి చూడుడు, పన్నెండు రెట్లు! 100 మెగాబైట్ల పాఠమును దించుకొనుటకు మొదటిది కాగితపు లెక్కలోనే 11 సెకన్లు గాలిని ఆక్రమించును, రెండవది ఒక్క సెకను. పఠనమందిరమున ముప్పదిమంది కూర్చున్నపుడు మందకొడి కార్డు తన యజమానిని మాత్రమే బాధించుట లేదు. అదే చానెల్‌లో ఉన్న ఇతరుల వంతును కూడ తినివేయుచున్నది. ఒకరు 5 గిగాహెర్ట్జ్‌కు మారినచో 2.4లో మిగిలినవారికి ఆ మేరకు చోటు దొరకును. అందుచేత పేద విద్యార్థి కార్డు మార్పిడికి కళాశాల కొంత సాయము చేసినచో అది అతనికి చేసిన దానము కాదు, అందరికిని చేసిన సదుపాయమని నా అభిప్రాయము.

రెండు ఆంటెన్నాల మాట వచ్చినది కనుక ఒక భారతీయుని తలచుకొనవలెను. తమిళనాడులోని పొల్లాచ్చిలో జన్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ భారత నౌకాదళమున సోనార్ యంత్రముల నిర్మాణమునకు నాయకత్వము వహించి, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళిరి. ఒకే బాండులో, ఒకే సమయమున, వేరువేరు ఆంటెన్నాల ద్వారా వేరువేరు సమాచార ధారలను పంపి, అవతలి వైపున విడదీయవచ్చునని ఆయన ప్రతిపాదించిరి. 1994లో ఆయనకును థామస్ కైలాత్‌కును దానిపై అమెరికా పేటెంటు లభించినది. 'మైమో' అను ఆ పద్ధతియే నేటి వైఫైకి వెన్నెముక. 2014లో పాల్‌రాజ్‌కు మార్కోని బహుమానమిచ్చిరి. లాప్‌టాప్ మూత తెరచినపుడు కార్డుపై నల్లది, తెల్లది రెండు సన్నని తీగలు కనిపించినచో అవి ఈ పద్ధతి కొరకే.

ఇక అసలు పనికి వత్తము. ముందుగ మన కార్డు ఏ జాతిదో తెలిసికొనవలెను. విండోస్‌లోని డివైస్ మేనేజరులో 'నెట్‌వర్క్ అడాప్టర్స్' అను శీర్షిక కింద దాని పేరుండును. అంతకంటె సులువైన పరీక్ష యొకటి కలదు. ఒకే గదిలో ఫోనుకు 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కు కనిపించి, లాప్‌టాప్‌కు కనిపించనిచో కార్డు ఒంటి బాండుదై యుండుటకే అవకాశము హెచ్చు. కొన్ని రౌటర్లు ఆ నెట్‌వర్కు పేరు చివర '5జి' అని తగిలించును. అది మొబైల్ ఫోనుల ఐదవ తరము కాదు, కేవలము ఐదు గిగాహెర్ట్జ్ అని అర్థము. ఈ పొరపాటు చదువుకొన్న వారిలో సైతము కనిపించుచున్నది.

రెండవది, కార్డు తీసి పెట్టుటకు వీలైనదా కాదా అన్న సంగతి. పలుచని కొత్త లాప్‌టాప్‌లలో దానిని మదర్‌బోర్డునకే అతికించి వేయుదురు. అట్టివానిలో మార్పిడి ఆశ విడుచుకొనవలసినదే. తీయగలిగినవి ముఖ్యముగ రెండు రకములు. పాత యంత్రములలో 'మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్' అను వెడల్పాటి కార్డు, తరువాతి వానిలో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు గల 'ఎం.2' కార్డు ఉండును. ఒకదాని గూటిలో మరొకటి కూర్చొనదు. వాని తీగల కొనలును వేరు. ఎం.2 కార్డుల కొనలు మరింత చిన్నవి.

ఎం.2 రకములో ఒక గొప్ప చిక్కు కలదు. ఇంటెల్ వారి ఏఎక్స్200, ఏఎక్స్210 అను కార్డులు తమంత తాము పూర్తి కార్డులు. ఏఎక్స్201, ఏఎక్స్211 అనునవి అట్లు కావు. వాని పనిలో సగము తగిన ఇంటెల్ ప్రాసెసరు లేక చిప్‌సెట్టు లోపల జరుగును, కార్డు తక్కిన సగము మాత్రమే. చూచుటకు అన్నియు కవలపిల్లలవలె ఉండును. ఏఎండీ ప్రాసెసరు గల లాప్‌టాప్‌లో 201 గాని 211 గాని ఎన్నటికిని పనిచేయదు. పాత ఇంటెల్ యంత్రములలోను అంతే. చివరి అంకె ఒకటి యని ధర కొంత తగ్గియుండును, దానిని చూచి మురిసిపోరాదు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళువారు పేరంతయు కాగితము మీద వ్రాసికొని పోవుట మేలు. వెనుకకు తీసికొందురా అని కూడ ముందే అడుగవలెను.

ఆ ప్రశ్న అడుగుటకు మరొక కారణము కలదు. కొన్ని సంస్థలు తమ పాత లాప్‌టాప్‌ల బయాస్‌లో, అనగా యంత్రము మేల్కొనగనే నడచు మూల కార్యక్రమములో, తాము ఆమోదించిన కార్డుల జాబితాను ఉంచినవి. జాబితాలో లేని కార్డు పెట్టినచో తెరపై హెచ్చరిక వచ్చి యంత్రము ముందుకు సాగదు. కార్డు మంచిదే, గూడు సరిపోయినదే, అయినను ప్రవేశము లేదు! కొనుటకు ముందు తమ లాప్‌టాప్ మోడల్ పేరుతో ఈ సంగతిని విచారించుకొనవలెను.

మూడవది ఆంటెన్నా. చౌక యంత్రములలో కార్డునకు ఒకే తీగ ఉండవచ్చును. అట్టి యెడల రెండు ఆంటెన్నాల కార్డు పెట్టినను ఒక ధారయే నడచును, వేగము సగమే దక్కును. అది 2.4 బాండుకే తగిన తీగ అయినచో 5 గిగాహెర్ట్జ్ సంకేతము బలహీనముగ నుండును. అయినను ఇరుకు బాండు నుండి బయటపడుటయే లాభమగు సందర్భములు కలవు. రాతి గోడల ఇండ్లవారు ఇంకొకటి ఎరుగవలెను. 5 గిగాహెర్ట్జ్ తరంగపు పొడవు ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు, 2.4 తరంగపు పొడవు పన్నెండున్నర. పొట్టి తరంగము గోడలను దాటుటలో త్వరగ నీరసించును. రౌటరు ముందుగదిలోను, చదువు వెనుకగదిలోను సాగుచున్నచో ఎంత మంచి కార్డయినను పాత బాండునకే దిగివచ్చును.

మార్చునపుడు తొందర పనికిరాదు. కొత్త కార్డు డ్రైవరును ముందే పెన్‌డ్రైవులోనికి దించి ఉంచుకొనవలెను. కార్డు మార్చిన పిదప నెట్టు రానిచో, నెట్టు కొరకు నెట్టును వెదకవలసి వచ్చును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, కావున ఆ సంగతియు ఇదే సమయమున చూచుకొనదగును. లైనక్స్ వాడువారికి ఏఎక్స్210 కొరకు 5.10 లేక ఆపైని కెర్నెల్ కావలెను. యంత్రమును పూర్తిగ ఆపి, చార్జరు తీసి, మూత తెరచిన వెంటనే బ్యాటరీ కొనను విడదీయవలెను. చేతిని ఏదైన లోహమునకు తాకించి ఒంటిపై గల స్థిర విద్యుత్తును వదిలించుకొనవలెను. మూత అంచులు విడుటకు చాకు కంటె పాత ఏటీఎం కార్డు మేలు. తీగల కొనలను గోటితో నిటారుగ పైకి లేపవలెను, పక్కకు లాగినచో ఊడివచ్చును. ఏ రంగు తీగ ఏ చోట నుండెనో ఫోనుతో చిత్రము తీసి ఉంచుడు. మర విప్పగనే కార్డు కొంచెము పైకి లేచును. కొత్తదానిని ఆ వాలులోనే గూటిలోనికి నెట్టి, అణచి, మర బిగించవలెను. తీగ కొనలను అమర్చుటలో గడియారములు బాగుచేయువాని ఓర్పు కావలెను. సరిగ కూర్చున్నపుడు 'టిక్' మని చిన్న చప్పుడు వేలికి తెలియును. మర తిప్పిన అలవాటు లేనివారు మెకానిక్కు చేత చేయించుకొనుట ఉత్తమము.

అతికించిన కార్డు గలవారికిని, జాబితా అడ్డు తగిలిన వారికిని యూఎస్‌బీ అడాప్టరు ఒక దారి. దానిని 3.0 రంధ్రములో పెట్టవలెను. పాత 2.0 రంధ్రము సెకనుకు 480 మెగాబిట్లకు మించి మోయదు.

కమిటీ వారు రౌటర్లు కొనునపుడు వైఫై 6 తరగతి చాలును. అది ఒక చానెల్‌ను చిన్నచిన్న పాయలుగ చీల్చి అనేకులకు ఒకేసారి అందించగలదు, కాని విద్యార్థుల కార్డులును ఆ తరగతివి కావలెను. 6 గిగాహెర్ట్జ్ బాండు కొరకు తొందరపడరాదు. అమెరికా దానిని 2020లోనే తెరచినది. మన టెలికాం శాఖ 5925 నుండి 6425 మెగాహెర్ట్జ్ వరకు, ఇంటి లోపల తక్కువ శక్తితో వాడుకకు, 2025 మే నెలలో ముసాయిదా నియమములను ప్రకటించినది. వాని తుది రూపమును చదివి, రౌటరు అందుకు ఆమోదము పొందినదా యని విచారించి గాని డబ్బు వెచ్చింపరాదు. ఏఎక్స్210 కార్డు ఆ బాండును ఎరిగినదే, కాని విండోస్‌లో 11వ కూర్పు ఉన్నగాని అది తెరచుకొనదు. ప్రయోగశాలలో కదలని డెస్క్‌టాప్‌లకు తీగ వేయించుటయే మేలు. అవి గాలిని విడిచిన మేర లాప్‌టాప్‌లకు మిగులును. కళాశాలకు వచ్చు లైనే సన్నదైనచో ఏ కార్డును దానిని వెడల్పు చేయలేదు. ముందుగ ఒక యంత్రమునకు తీగ తగిలించి వేగమును కొలిచి, పిదప నిస్తంత్రి వేగముతో పోల్చినచో లోపము ఎచట నున్నదో తెలియును.

తీసిన పాత కార్డును పారవేయరాదు. కాగితములో చుట్టి, మీద లాప్‌టాప్ మోడల్ పేరు వ్రాసి భద్రపరచుడు. కొత్తది కుదరని నాడు, లేదా ఆ యంత్రమును మరొకరికి అమ్మిన నాడు, అది మరల కావలసి వచ్చును.