తప్పిన దరువు

తెలుగు పంతులుకు డీజే పాటలతో పనేమిటని నవ్వకండి! మా వేంపల్లెలో నా మేనల్లుడు ఒక పెళ్లి ఊరేగింపు కోసం గంటసేపు పాటలు కలిపి రికార్డు చేశాడు. వాడికది తొలి బేరం. మర్నాడే ఊరేగింపు. రాత్రి నాకు వినిపిస్తూ, ఒక పాట నుంచి మరో పాటలోకి దాటేచోట తల పట్టుకున్నాడు.

"అంతా చెడిపాయ మామా! మళ్లీ మొదట్నుంచి చేయాల."

నిమిషానికి 120 దరువులంటే, దరువుకూ దరువుకూ నడుమ అర సెకను. అందులో పదోవంతు జారినా ఒక దెబ్బ రెండుగా వినిపిస్తుంది. రెండు పాటలూ ఒకే రికార్డులో కలిశాక ఒకదాన్నే జరపడం సులువు కాదు. పాలలో నీళ్లు కలిసినట్టే.

1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ గుర్తుకొచ్చాడు. మా కడపలో పండితులను పోషించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులను పోల్చి చూపించాడాయన. తప్పు కనిపించిన చోట మరో ప్రతి చూసి, ఆ పాఠం సవరించడమే పద్ధతి.

"ఒరే, అసలు పాటలు నీ దగ్గరున్నాయి గదా! ఆ ఒక్కచోటే మళ్లీ కలిపి అతుకు" అన్నాను.

ముందు రికార్డుకు నకలు తీసి దాచాడు. ఆ అర నిమిషం మళ్లీ కలిపాడు. సరిగ్గా దరువు పడేచోట పాతది కోసి, కొత్త ముక్క అతికాడు. అతుకు దగ్గర 'టిక్కు'మనకుండా కొన్ని మిల్లీసెకన్లపాటు పాతది తగ్గుతూ, కొత్తది పెరిగేట్టు చేశాడు. రెండింటి బిగ్గరతనమూ సమం చేశాడు.

మర్నాడు ఊరేగింపులో ఆ చోటు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. జనం ఆడుతూనే ఉన్నారు. అది ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. మావాడు మాత్రం నావైపు చూసి నవ్వాడు.