జ్ఞానదంతం తీసిన తరువాత

గడచిన మాఘమాసంలో నా కుడివైపు కింది జ్ఞానదంతాన్ని తీయించుకోవలసి వచ్చింది. సాధారణంగా 17 నుండి 25 ఏండ్ల నడుమ వచ్చే ఈ పన్ను డెబ్బది దాటిన నాకు జ్ఞానమేమీ పెంచలేదు గాని, పుచ్చి బాధించింది. సుశ్రుతుడు నిదానస్థానంలో ‘వర్ధన’మనే దంతరోగాన్ని చెబుతూ, అధికంగా పుట్టే పన్ను తీవ్రవేదన కలిగిస్తుందనీ, మొలిచిన పిమ్మట నొప్పి శమిస్తుందనీ అన్నాడు. నాకు అసలు నొప్పి పన్ను పోయిన తరువాతనే మొదలైంది. తప్పు నాదే.

వినుకొండలో దంతవైద్యుడు పన్ను తీసి, గుంటపై గాజుగుడ్డ ఉంచి, అరగంటకు పైగా కరచిపట్టుకోమన్నారు. 24 గంటలు పుక్కిలించవద్దనీ, ఉమ్మవద్దనీ చెప్పారు. శావల్యాపురం చేరి, మరునాడు తెల్లవారుజామున అలవాటు చొప్పున పన్నెండు మార్లు పుక్కిలించి ఉమ్మాను. ఆచారం తప్పలేదని సంతోషించాను కూడా! మూడవనాటి రాత్రి చెవిదాకా పోటు, నోట దుర్వాసన.

పన్ను తీసిన గుంటలో గడ్డకట్టే నెత్తురే లోపలి ఎముకకు కప్పు. అది ఊడితే ఎముక బయటపడి భరింపరాని నొప్పి పుడుతుంది. వైద్యులు దీనిని ‘డ్రై సాకెట్’ అంటారు. చుట్ట, బీడీ కాల్చేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వైద్యుడు గుంటను కడిగి లవంగతైలపు వాసన గల మందు పెట్టగానే ఉపశమనం కలిగింది. ఇంట్లో మనమే లవంగతైలం పోసుకోరాదు, చిగురు కాలుతుంది. పసుపు, విభూతి వంటివి గుంటలో కూరనే కూడదు. ఒక దినం గడచిన పిమ్మట గోరువెచ్చని ఉప్పునీటిని నోట నింపి, నెమ్మదిగా జారవిడవడం చాలు.

వాపు రెండు మూడు దినాలు పెరిగి తగ్గుతుంది; దవడ బిగుసుకోవడమూ సహజమే. కాని గాజుగుడ్డ కరచిపట్టినా నెత్తురు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, వాపు మెడకు పాకి మింగడమో ఊపిరి తీయడమో కష్టమైనా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళవలసినదే. పెదవి తిమ్మిరి మరునాటికీ పోకపోతే వైద్యునికి చెప్పాలి. గుండెజబ్బుకై నెత్తురు పలచబరచే మాత్రలు వాడేవారు ముందుగానే ఆ సంగతి తెలపాలి. స్వయంగా వాటిని మానరాదు.

ఆ వారంలోనే ఏకాదశి వచ్చింది. మాత్రలు పరగడుపున వేసుకోరాదన్నారు. రోగికి నియమాలలో సడలింపు ఉన్నదని ఎందరికో చెప్పినవాడనే, నాదాకా వచ్చేసరికి తటపటాయించాను. చివరకు మా ఇంటావిడ మెత్తని మజ్జిగన్నం తెచ్చి ముందుంచింది. తిని, మాత్ర వేసుకున్నాను.